తొట్టిలో తొమ్మిది చుట్లు

పొద్దున తొమ్మిదిన్నర వేళకు కుప్పుస్వామి నలభయ్యో బొమ్మను తొట్టిలోకి విసిరాడు. అది అవతలి గోడకు జానెడు ఇవతల పడి, ఒక్క క్షణం తేలి, తల వంచుకుంది. అతను మెల్లగా రీలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. బొమ్మ మునిగి, తోక ఆడిస్తూ అతనివైపు రాసాగింది. నాలుగో చుట్టుకు కుప్పుస్వామి మెడ వంచి, దారాన్ని కింది పెదవికి ఆనించుకున్నాడు. తొమ్మిదో చుట్టుకు బొమ్మ ఇవతలి గోడ దగ్గరకు వచ్చేసింది. చెయ్యి ఆపాడు. బొమ్మ పైకి తేలింది. దాన్ని తీసి తువ్వాలుతో తుడిచి కుడిపక్క ట్రేలో పెట్టాడు. కుడి ట్రేలోకి వెళ్లినవి ప్యాకింగుకు పోతాయి. ఎడమ ట్రేలోవి మళ్లీ అతని పట్టకారు కిందికే వస్తాయి.

రెండు నెలలుగా అతనిలా దారాన్ని పెదవికి ఆనించుకోవడం చూసి ప్యాకింగు బల్ల దగ్గరి ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు. మామ ముసలితనంలో దారానికి ముద్దులు పెడుతున్నాడని వీరాయి అనేది. అతను కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. నవ్వు చాలా వాటిని కప్పుతుంది. ఎందుకలా చేస్తున్నాడో ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు.

అది కోయంబత్తూరు గణపతిలో ఒక సందు చివరి రేకుల షెడ్డు. ఒకప్పుడు అక్కడ పంపుసెట్లు తయారయ్యేవి. కుప్పుస్వామి పంతొమ్మిదేళ్ల వయసులో ఆ షెడ్డులో అడుగుపెట్టాడు. ఇప్పుడు అరవై ఒకటి. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా, దువ్వి వదిలేసిన తెల్ల మీసం. ఇన్నేళ్లలో అతను చేసిన పని ఒక్కటే, పరీక్ష. ఇరవయ్యొక్క అడుగుల పొడవు సిమెంటు తొట్టి పక్కన కూర్చుని, తయారైన ప్రతి పంపునూ నడిపించి చూసేవాడు. ఒక కర్రముక్కను బేరింగు మీద ఆనించి రెండో కొన చెవిలో పెట్టుకుంటే లోపలి రొద అంతా వినిపించేది. నీళ్లు బయటికి వచ్చే గొట్టం మీద అరచెయ్యి పెడితే మిగతాది తెలిసేది. మీటరు ఒకటి గోడకు ఉండేది. ఓనరు ప్రభాకరన్ మీటరు చూశాక కూడా కుప్పుస్వామి మొహం చూసేవాడు.

తర్వాత పంపుల ఆర్డర్లు తగ్గాయి. ప్రభాకరన్ కూతురు నివేదిత ఇంజనీరింగు చదివి వచ్చి, చేపలు పట్టే బొమ్మలు చేద్దామంది. బతికున్న ఎర కాకుండా, ఇత్తడితోనూ ప్లాస్టిక్కుతోనూ చేసిన ఎర. లూర్లంటారు వాటిని. పెరుమాళ్ల నెల పురటాసి వస్తే గుడ్డు కూడా ముట్టని ఇంట్లో ఈ వ్యాపారమేమిటని తండ్రి వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. చివరికి షెడ్డు ఇచ్చాడు. లేతులు పోయాయి, అచ్చులు వచ్చాయి. పంపుల కాలం నుంచి మిగిలినవి రెండే: తొట్టి, కుప్పుస్వామి. రెంటినీ కదిలించడం కష్టమని నివేదిత నవ్వుతూ అనేది.

అతను మొదటి నెలలోనే బొమ్మల గుణాలు పట్టేశాడు. ఇత్తడి స్పూన్ అన్నిట్లోకీ సాధువు. నిజంగా పిడి విరిగిన చెంచాలాగే ఉంటుంది. నిదానంగా, ఆపకుండా లాగితే అటూ ఇటూ ఊగుతూ వస్తుంది, దారంలో తప్పతప్పమని తెలుస్తుంది. తొందరపడి లాగారంటే గిర్రున తిరిగి దారాన్ని మెలిపెట్టేస్తుంది. స్పిన్నర్ పొగరుబోతు. తీగ చుట్టూ తిరిగే రేకు ఉంటుంది దానికి. మొదట ఒక కుదుపు ఇస్తేగాని రేకు లేవదు, లేచాక చెయ్యి ఆపితే అలిగి పడిపోతుంది. ఆపకుండా లాగుతుంటే చిన్న మోటారులా రొద పెడుతుంది. పాపర్ నీళ్ల మీదనే ఉంటుంది. దాని నోరు గుంటగా ఉంటుంది కనుక గాలం కర్ర కొనతో ఒక్క లాగు లాగితే గుబుక్కుమంటుంది. ఆ తర్వాత అలల వలయాలన్నీ పోయేదాకా ఊరికే ఉండాలి. ఆ ఊరికే ఉండటమే కొత్తవాళ్లకు చేతకాదు. రబ్బరు కప్పను గుర్రపుడెక్క ఆకుల మీద గెంతించాలి. చేప మింగినా వెంటనే లాగకుండా మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోవాలి. ఇక అతనికి ఇష్టమైనది పెదవి బొమ్మ. చిన్న చేప ఆకారం, మూతి కింద నాలుకలాంటి రేకు. లాగితే మునుగుతుంది, ఆపితే తేలుతుంది. లాగడం, ఆపడం, లాగడం. బతికినవాళ్ల నడకలాంటిది దానిది.

ప్రతి బొమ్మతోపాటు డబ్బాలో ఒక కాగితం వేస్తారు, ఎలా లాగాలో చెబుతూ. కుప్పుస్వామి తెలుగులో చెప్పుకుపోతే నివేదిత తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మాట్లాడే తెలుగును అతను చదవలేడు. తమిళం కూడా ఐదో తరగతి వరకే. పెదవి బొమ్మకు తొమ్మిది చుట్లు తిప్పి ఆపాలని, మళ్లీ తొమ్మిది చుట్లని ఆ కాగితంలో ఉంటుంది. తొమ్మిదో చుట్టుకు తొట్టి గోడ వస్తుంది కనుక అతను ఆపేవాడు. అంతకుమించి అందులో శాస్త్రమేమీ లేదు. ఆ సంగతి చెప్పేలోపలే కాగితం అచ్చయింది. తిరునెల్వేలి నుంచి, కేరళ నుంచి, ఎక్కడెక్కడి నుంచో మెసేజీలు వచ్చాయి. తొమ్మిదో చుట్టు తర్వాత ఆపినప్పుడే చేప కొట్టిందని, ఇది ఏ మహానుభావుడు కనిపెట్టాడని. నివేదిత అవి చదివి వినిపిస్తుంటే అతను మీసం దువ్వుకుంటూ తొట్టిలోకి చూసేవాడు.

కాగితం చివర ఇంకొక మాట ఉంది. చేప అందుకున్నప్పుడు చేతికి ఎలా తెలుస్తుంది అని ఆమె అడిగింది. అప్పుడు అతను కళ్లు మూసుకుని పంపును తలచుకున్నాడు. నీళ్లు పీల్చే గొట్టంలోకి గాలి చొరబడినప్పుడు ఒక్క క్షణం చేతికింద ఖాళీ అవుతుంది, వెంటనే బరువు పడుతుంది. అదే చెప్పాడు. ముందు దారం ఖాళీ అవుతుంది, ఆ వెనక బరువెక్కుతుంది అని. అచ్చం అలాగే ఉంటుందని జనం రాశారు.

కుప్పుస్వామి జీవితంలో ఒక్క చేపను కూడా పట్టలేదు. పరీక్ష అయ్యాకే బొమ్మలకు గాలపు ముళ్లు తగిలిస్తారు. తొట్టిలో చేప ఉండదు. ఆరేళ్లలో వేలకొద్దీ బొమ్మలు అతని చేతిమీదుగా వెళ్లి ఎవరెవరి దారాల మీదనో చేపను కలుసుకున్నాయి. అతని దారం మీదికి ఎప్పుడూ ఎవరూ రాలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది అతని పని.

ఆదివారాల్లో చేపలకు వెళ్లేవాళ్లు రమ్మని పిలిచేవారు. పదిహేనేళ్ల కిందట భార్య తిరుమలమ్మాళ్‌కు కడుపు ఆపరేషను జరిగినప్పుడు, ఆమె లేచి నడిస్తే ఇక ప్రాణమున్నదాన్ని తిననని, చంపనని కారమడై రంగనాథుడికి మొక్కుకున్నాడు. ఆమె లేచి నడిచింది. ఆ ఒక్క మొక్కు చెబితే సరిపోయేది. కాని అతను పురటాసిలో పెరుమాళ్లను అడ్డం పెట్టేవాడు, కార్తికలో అయ్యప్పను, మార్గళిలో తెల్లవారుజాము భజనను, తై నెలలో పళని నడకను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు ఉండేవి ఆ సాకులు. అసలు సంగతి భయం. మహానుభావుడని పేరు పడ్డవాడు చెరువు గట్టున ఉత్త చేతులతో నిలబడితే ఎలా ఉంటుంది? అయినా మనసులో ఆ కోరిక చావలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దారానికి అవతల ఎవరో ఉన్నారని తన చేతికి తెలియాలి. దానికోసం అతను లోపల లోపల అల్లాడిపోయేవాడు. రాత్రి పడుకున్నా కుడిచేతి చూపుడువేలు దారం మీద ఉన్నట్టే వంగి ఉండేది.

ఇప్పుడు ఆ వేలే పోతున్నది. పన్నెండేళ్లుగా చక్కెర జబ్బు ఉంది. మొదట కాళ్లు మొద్దుబారాయి. ఈ ఏడు వేసవిలో, చిత్తిరై నెలలో, వేళ్ల కొసలు. మూడు నెలల తర్వాత, ఆడి నెలలో ఒకరోజు తొట్టి దగ్గర కూర్చుని స్పూన్ లాగితే దారంలో తప్పతప్ప లేదు. బొమ్మ కళ్లెదుట ఊగుతూనే ఉంది. చేతికి మాత్రం ఉత్త నిశ్శబ్దం. ఎవరూ చూడకుండా దారాన్ని పెదవికి ఆనించుకున్నాడు. పెదవికి తెలిసింది. అలా మొదలయింది ఆ ముద్దుల కథ.

ఆ నలభయ్యో బొమ్మ విసిరిన రోజే, పొద్దున ఇంట్లో తిరుమలమ్మాళ్ కాఫీ ఇచ్చింది. పొగలు కక్కుతున్న స్టీలు టంబ్లరును అతను అరచేత్తో పట్టుకుని వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కొంగుతో తప్ప పట్టుకోలేకపోయిన టంబ్లరు అది. ఆమె నిలబడి చూసింది. దగ్గరకు వచ్చి టంబ్లరు తీసుకుని, ఎర్రబడిన అరచేతిని తిప్పి చూసింది. ఎన్నాళ్లయిందని అడిగింది. అతను చెప్పాడు. పెదవి సంగతి, తొట్టి సంగతి, చేప సంగతి కూడా చెప్పాడు. ఇంకెన్నాళ్లు తెలుస్తుందో పెదవికి, అదీ పోకముందే ఒక్కసారి అనుకున్నాను, ఇది చూస్తే పురటాసి, పెరుమాళ్ల నెల, అన్నాడు. ఆమె కాఫీని రెండు టంబ్లర్ల మధ్య తిరగబోసి చల్లార్చింది.

"ముల్లు తీసేసి పోండి," అంది. "ముల్లు లేకపోతే పెరుమాళ్లు ఏమడగబోతాడు? చేపకి వద్దంటే అదే విడిచిపెట్టి పోతాది. ఈపొద్దే పోదాము, నేనూ వస్తాను."

ఆరేళ్లుగా ముళ్లు లేని బొమ్మలను లాగుతున్నవాడికి ఆ ఊహ రాలేదు. చేపలు పట్టేవాళ్లకు చెబితే పగలబడి నవ్వుతారు. కాని అతనికి కావలసింది చేప కాదు గదా. షెడ్డుకు వెళ్లే దారంతా అతని గుండె పడుచువాడి గుండెలా కొట్టుకుంది.

పదకొండు గంటలకు నివేదిత ఒక అట్టపెట్టె తెచ్చి తొట్టి గట్టు మీద పెట్టింది. అందులో పన్నెండు పెదవి బొమ్మలు. కొన్నవాళ్లు తిప్పి పంపినవి. లాగితే ఒక పక్కకు పొర్లిపోతున్నాయని రాశారట. ఆమెకు ముప్పయ్యేళ్లు, నిదానమైన పిల్ల, ఎవరినీ గట్టిగా అనదు. అచ్చులో తప్పుందో, రేకు అతికించడంలో ఉందో తెలియడం లేదని, ఒకసారి చూడమని చెప్పింది.

అతను ఒక్కొక్కటీ వేసి లాగాడు. మొదటిది ఐదో చుట్టుకే పక్కకు ఒరిగి వెల్లకిలా తిరిగింది. రెండోది కుడికి కొట్టుకుపోయింది. ఇదివరకైతే రెండు చుట్లలో వేలు చెప్పేసేది. మూతి దగ్గరి తీగ ఉంగరాన్ని పట్టకారుతో వెంట్రుకవాసి ఎడమకు వంచితే సరిపోయేది. బొమ్మల డబ్బాల మీద తేదీ చూశాడు. ఆడి నెల, వేళ్లు మోసం చేస్తున్నా ఇంకా వేళ్లనే నమ్మిన ఆ రెండు వారాలు. పన్నెండూ అతను కుడి ట్రేలో పెట్టినవే. ఊరికే ఉంటే అచ్చు మీదికి పోతుంది తప్పు. అచ్చు నోరెత్తదు. నివేదిత ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అచ్చు మీద తప్పు లేదమ్మణీ," అన్నాడు. కుడిచెయ్యి ఆమె ముందు చాపాడు. "తప్పు దీనిది. సూది గుచ్చినా తెలవదు. ఇంక నేను పాస్ అంటే మీరు నమ్మవద్దండి."

ఆమె ఆ చేతివంక చూసింది. అరచేతిలో పొద్దుటి ఎరుపు ఇంకా పోలేదు. "ముందే చెప్పకూడదా మామా," అంది.

"చెప్తే తొట్టికాడ కూర్చోనిస్తారా?"

అతను రేపటి నుంచి రాననీ, నాలుగింటికి వెళ్లిపోతాననీ, ఒక కర్ర, రీలు, ముళ్లు తగిలించని బొమ్మ ఒకటి ఇప్పిస్తే చాలుననీ చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. కావలసింది తీసుకోమని, మిగతాది రేపు మాట్లాడుకుందామని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. కుప్పుస్వామి మధ్యాహ్నం దాకా కూర్చుని ఆ పన్నెండు బొమ్మలనూ సరిచేశాడు. పెదవికి ఆనించి, తీగ వంచి, మళ్లీ లాగి, మళ్లీ వంచి. పన్నెండోది నిక్కచ్చిగా వచ్చేసరికి రెండు దాటింది. పెరుగన్నం తిన్నాడు. ఛాతీలో కొంచెం బరువుగా ఉంటే అన్నం ఎక్కువైందనుకున్నాడు. చెమట పట్టింది. పురటాసి ఎండకు ఎవరికైనా పడుతుంది.

ఏ బొమ్మ తీసుకెళ్లాలన్నది అరగంట తేల్చుకోలేకపోయాడు. పెళ్లిచూపులకు చొక్కా ఏరుకునేవాడి అవస్థ. స్పూన్ బరువు, లోతు లేని చోట బురద తవ్వుతుంది. స్పిన్నర్ రేకుకు నాచు చుట్టుకుంటే ఇక తిరగదు. సాయంత్రం గాలికి నీళ్లు కదులుతుంటే పాపర్ గుబుకులు ఎవరు వింటారు? కప్పకు ముళ్లు తీసేస్తే ఉత్త రబ్బరు. చివరికి పెదవి బొమ్మే. పచ్చటి వీపు, వెండి కడుపు, వేలెడంత పొడవు. జేబులో వేసుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి తిరుమలమ్మాళ్ నిలబడి ఉంది. మల్లెపూలు పెట్టుకుంది. ఏదో పెళ్లికి పోతున్నట్టు.

ఇద్దరూ టౌన్ బస్సు పట్టుకుని సింగానల్లూరు చెరువుకు చేరేసరికి ఐదు కావస్తున్నది. గట్టు మీద నలుగురైదుగురు కర్రలు పట్టుకుని దూరదూరంగా కూర్చుని ఉన్నారు. నీళ్ల మధ్య గూడబాతులు తేలుతున్నాయి. ఒడ్డున గుర్రపుడెక్క, దాని అంచున చీకటిగా ఒక బారెడు ఖాళీ. విరాల్, అంటే మన కొరమీను, అలాంటి అంచుల కింద కాచుకుని ఉంటుందని కుప్పుస్వామి ఆరేళ్లుగా అందరికీ చెబుతున్నాడు. ఇప్పుడు ఆ అంచును మొదటిసారి కళ్లతో చూశాడు.

మొదటి విసురు ఆకుల మీద పడింది. రెండోది సరిగ్గా వెళ్లింది. అతను దారాన్ని పెదవికి ఆనించుకుని తిప్పాడు. తొమ్మిది చుట్లకు చెయ్యి దానంతట అది ఆగిపోయింది. ఎదురుగా గోడ లేదు. ఎంత దూరం చూసినా నీళ్లే. కుప్పుస్వామికి నవ్వొచ్చింది. కొంచెం ఏడుపు కూడా వచ్చింది. ఇంత నీళ్లలో తన చెయ్యి ఇంకా తొట్టిలోనే ఉందని భార్యతో అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు కాని నవ్వింది.

ముప్పావు గంట గడిచింది. బొమ్మ తోక ఆడించడం పెదవికి తెలుస్తూనే ఉంది. నాచు తగిలితే తెలిసింది. మునిగిన కొమ్మను రాసుకుని వస్తే అదీ తెలిసింది. ఇంకేమీ లేదు. పక్కనున్న ఒకడు రెండు జిలేబీ చేపలు పట్టుకుని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. తడిసిన దారం ఒరుసుకుని ఒరుసుకుని కుప్పుస్వామి పెదవి చిట్లింది. అతనికి తెలియలేదు. తిరుమలమ్మాళ్ చూసి కొంగుతో అద్దితే ఎర్రగా అంటింది. చాలించమని ఆమె అనలేదు. గట్టు మెట్టు మీద తన పక్కన కూర్చోమంది.

"రొంచేపు పెదవిని ఊరికే ఉండనియ్యండి. మీరు తిప్పండి, దారం నేను పట్టుకుంటాను. ఏమన్నా వస్తే చెప్తాను."

అలా కూర్చున్నారు. అతను కర్ర పట్టుకుని రీలు తిప్పుతున్నాడు. రీలుకు ముందు దారాన్ని ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎలా పట్టుకోవాలో అతను చెప్పనక్కరలేకపోయింది. ముప్పయ్యారేళ్లుగా పూలదండలు కట్టిన వేళ్లు అవి. మూడు విసుర్లు అయ్యాయి. నాలుగోదానికి తొమ్మిది చుట్లు తిప్పి అతను ఆపాడు. గుర్రపుడెక్క అంచున నీళ్లు బొడిపెలా ఉబ్బాయి. కర్ర కొన ఒక్కసారి వంగి మళ్లీ నిటారయింది.

ఆమె చెయ్యి అలాగే ఉంది. 

"వచ్చింది," అంది మెల్లగా. "పోయింది."

అతను కర్ర కొన వంగడం చూశాడు. నీళ్లు ఉబ్బడం చూశాడు. చేతికి మాత్రం ఏమీ తెలియలేదు. అతనికి భార్య మీద అసూయ కలిగింది. ఇన్నేళ్ల కాపురంలో అది మొదటిసారి. ఆ అసూయ నిప్పులా ఒక్క క్షణం మండి, తర్వాత మొత్తం ఆశగా మారిపోయింది.

"ఎట్లుండింది?" అన్నాడు. వెంటనే మళ్లీ అన్నాడు, "చెప్పు. ఖాళీ అయి బరువాయెనా?"

ఆమె వేళ్ల వంక చూసుకుంది. "అట్ల లేదుంగ. చారు కడుపులో ఉండేటప్పుడు మొట్టమొదట కదిలె గదా, అట్ల ఉండింది. లోపలినుంచి ఒకరు నేనుండాను అన్నట్టు. అంతే."

చారులత వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు బోడినాయకనూరులో మొగుడితో ఏలకుల దుకాణం చూసుకుంటున్నది. ఆమె తల్లి కడుపులో మొదటిసారి కదిలిన రోజు, కుప్పుస్వామి షెడ్డు నుంచి రాగానే తిరుమలమ్మాళ్ అతని చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. బిడ్డ ఊరకుంది. మరునాడు కూడా అంతే. పగలంతా తన్నేది, అతను వచ్చి చెయ్యి పెడితే నిద్రపోయేది. గ్రీజు వాసనకు భయపడుతుందని ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్ని వందల పంపుల లోపలి సంగతి చెప్పిన చెయ్యి అది, తన బిడ్డ సంగతి మాత్రం చివరిదాకా పెళ్లాం నోట వినవలసి వచ్చింది. అప్పటికి అతని వేళ్లు మంచివే. అది గుర్తొచ్చి కుప్పుస్వామి మళ్లీ చెప్పమన్నాడు. ఆమె అవే మాటలు మళ్లీ చెప్పింది.

చీకటి పడేదాకా విసిరారు. దారం కాసేపు అతని పెదవి మీద, కాసేపు ఆమె వేళ్ల మధ్య. ఇంకెవరూ రాలేదు. గూడబాతులు ఒక్కొక్కటే లేచి చెట్ల మీదికి పోయాయి.

బస్సులో సీటు దొరికింది. ఆమె కిటికీ పక్కన, అతను ఇవతల. కర్రను పైన సామాన్ల కమ్మీల మీద పొడవునా పెట్టాడు. బొమ్మకు ముల్లు ఉంటే కర్ర ఉంగరానికి తగిలించి పెట్టవచ్చు. లేదు కనుక కర్ర కొన నుంచి అది వేలాడుతూ ఉండిపోయింది. కుప్పుస్వామికి అలసటగా ఉంది, కాని మొహం తేటగా ఉంది.

"ఎల్లుండి ఇంకొకసారి వద్దాం," అన్నాడు. "ఈసారి పెదవి తీయను."

"సరింగ," అందామె.

అతను తల ఆమె భుజానికి ఆనించాడు. పదిమందిలో ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు. ఆమెకు సిగ్గనిపించింది, బాగుందనిపించింది. లక్ష్మీ మిల్స్ దాటాక అతని ఒళ్లు ఒక్కసారి చిన్నగా అదిరింది. స్పీడు బ్రేకరు కాబోలు అనుకుని ఆమె భుజం సర్ది అతని తల జారకుండా చేసింది. గాంధీపురంలో జనం ఎక్కారు, దిగారు. నిద్రపోనీ అని ఆమె కదలకుండా కూర్చుంది. గణపతి స్టాపు వచ్చాక లేపింది. అతను లేవలేదు.

చక్కెర జబ్బు ముదిరినవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుందని, ఆయనకు ఏమీ తెలిసి ఉండదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఓదార్పుగానే చెప్పాడు. తిరుమలమ్మాళ్ అతను తల ఆనించిన భుజం మీద చెయ్యి వేసుకుని వింది. నాకు తెలిసింది, అని మాత్రం అంది. పక్కనున్న నివేదితకు ఆ మాట బోధపడలేదు.

దించడంలో, ఆటో పిలవడంలో, ఆ గందరగోళంలో పైకి ఎవరూ చూడలేదు. మరునాడు పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు కండక్టరు బస్సు ఊడుస్తూ ఆ కర్రను చూశాడు. చేపల పని తెలిసినవాడు కనుక, కంట్లో గుచ్చుకుంటుందని వేలాడే బొమ్మను రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని ముల్లు ఎక్కడుందో వెతికాడు. ముల్లే కనబడకపోతే, ఎవడో తెలివిమాలినవాడనుకుని, మళ్లీ అలాగే వదిలేసి విజిల్ వేశాడు. బస్సు కదిలింది. పచ్చటి వీపు, వెండి కడుపు ఉన్న ఆ చిన్న చేప కర్ర కొన నుంచి ఊగుతూ, ముళ్లు ఉండవలసిన చోట రెండు ఖాళీ ఉంగరాలు దాని ఒంటికి తగిలి టిక్కుటిక్కుమంటూ, సింగానల్లూరు వైపు పోయింది.